జుంటి గోళ్ళలో మట్టి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలోని పిల్లలందరికీ కలిపి ఒకే ఒక బడి. పంతులుగారు ముసలి తాబేలు. ఆ బడిలోనే జుంటి అనే ఎలుగుబంటి పిల్ల చదువుకునేది. మంచి పిల్లే, కానీ అన్నిటికీ తొందరే!

దొడ్డికి వెళ్ళాలంటే మరుగుదొడ్డి గుంటకే వెళ్ళాలని పంతులుగారి ఆజ్ఞ. వచ్చాక ఒకసారి, తినేముందు ఒకసారి వాగు దగ్గర కుంకుడు నురగతో చేతులు కడుక్కోవాలి. గుంట దగ్గర వరసలో నిలబడాలంటే జుంటికి చిరాకు. గబుక్కున పొద చాటుకు వెళ్ళొచ్చేది. అట్నుంచి అటే తునికిపండ్ల బుట్టలో చెయ్యి పెట్టేది.

"జుంటీ, చేతులు!" అని కుందేలు పిల్ల గుర్తుచేసేది.

"మురికి ఎక్కడుందో చూపించు!" అని జుంటి అరచేతులు చాపి నవ్వేది.

ఒకరోజు కొంగ డాక్టరమ్మ బడికి వచ్చింది.

"కడుపులో నులిపురుగులు ఉన్నా లేకపోయినా, అందరూ ఈ బిళ్ళ నమిలి మింగాలి" అంది.

జుంటి బిళ్ళను బుగ్గన దాచి, బయటికెళ్ళి ఉమ్మేసింది. 'నాకెందుకొస్తాయి పురుగులు!' అనుకుంది.

కొన్నాళ్ళు గడిచాయి. జుంటి ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు. పాఠం వింటూ తూగుతోంది. చెట్టెక్కబోతే సగంలోనే ఆయాసం. కడుపు నొప్పెడుతున్నా ఎవరికీ చెప్పలేదు. బిళ్ళ సంగతి బయటపడుతుందని భయం.

అంతలో తమ్ముడు బొద్దుగాడికి జబ్బు చేసింది. వాడు అక్క తినిపిస్తే తప్ప తినడు. అలాంటివాడు పొట్ట పట్టుకుని ముడుచుకుపోయాడు.

"ఎవరి దిష్టి తగిలిందో!" అంటూ తల్లి ఎలుగు ఉప్పు దిగతుడిచింది. నొప్పి తగ్గలేదు.

"అక్కా, నొప్పి" అని వాడు వెక్కుతుంటే జుంటి తట్టుకోలేకపోయింది.

"దిష్టి కాదమ్మా, నాకూ ఇదే నొప్పి. నా వల్లే!" అని ఏడుస్తూ అంతా చెప్పేసింది.

తల్లి పరుగున వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ తిట్టలేదు. జుంటి గోళ్ళ సందులోని మట్టిని పుల్లతో తీసి చూపించింది.

"పురుగుల గుడ్లు ఇందులోనే ఉంటాయి తల్లీ. కంటికి ఆనవు. పొద చాటు మట్టిలోంచి నీ గోళ్ళలోకి, నీ చేతినుంచి తమ్ముడి నోట్లోకి చేరతాయి."

"మందేసుకుంటే పోతాయా డాక్టరమ్మా?" అని జుంటి అడిగింది.

"పోతాయి. చేతులు ఇలాగే ఉంటే మళ్ళీ వస్తాయి."

ఈసారి జుంటి బిళ్ళను కరకరా నమిలి మింగి, నోరు తెరిచి మరీ చూపించింది. బొద్దుగాడూ మింగాడు. నాలుగు రోజుల్లో లేచి "అక్కా, ఆకలి!" అని గోల మొదలెట్టాడు.

ఆ తర్వాత జుంటి పంతులుగారి దగ్గరికి వెళ్ళింది.

"ఒకే గుంట ఉంటే వరస పెద్దదవుతోందండీ. ఇంకోటి నేను తవ్వుతాను" అంది.

ఎలుగులకు తవ్వడం ఒకరు నేర్పాలా? సాయంత్రానికల్లా గుంట తయారైంది. పిల్లలు కేరింతలు కొట్టారు. తల్లి మురిసిపోతూ తేనెపట్టు తెచ్చి అరుగు మీద పెట్టింది. మోచేతుల దాకా మట్టితో జుంటి ఒక్క పరుగు తీసింది. అందరూ తేనెపట్టు కోసమే అనుకున్నారు.

జుంటి తేనెపట్టును దాటుకుని, నేరుగా వాగు దగ్గరికి వెళ్ళి ఆగింది.

నీతి: కంటికి కనిపించని మురికి కూడా జబ్బు చేస్తుంది; చేతులు శుభ్రంగా ఉంచుకుంటే మనమూ బాగుంటాం, మనవాళ్ళూ బాగుంటారు.