నూకాలు చెంప మీద తెల్లమచ్చ

ఒకప్పుడు పిల్లల బుగ్గలన్నీ నిండుగా ఒకే రంగులో ఉండేవి. రోజూ పొద్దున్నే సూర్యుడు వచ్చి, ఆడుకునే పిల్లలందరి మొహాలకీ తన చేత్తో రంగు పూసి వెళ్ళేవాడు.

ఆ రోజుల్లో కొండ కింద ఊళ్ళో నూకాలు అనే ఏడేళ్ళ పిల్ల ఉండేది. చలికాలంలో ఒకనాడు మేకల్ని తోలుకుపోతుంటే కొండగాలి ఎదురొచ్చింది. పాపం, గాలి గొంతు పిడచకట్టుకుపోయింది.

"నూకాలూ, దాహమే! కాసిని నీళ్ళు పొయ్యవే."

"ముంతలో చుక్క లేదు. ఇప్పుడే మేకపిల్లకి పట్టేశాను."

గాలి ఆగలేకపోయింది. నూకాలు ఎడమ చెంప మీదున్న తడంతా ఒక్క గుక్కలో జుర్రేసి పారిపోయింది.

మర్నాడు సూర్యుడు రంగు పూశాడు. ఎండిన చోట అంటలేదు. మళ్ళీ పూశాడు. ఊహూఁ! రేగుపండంత మచ్చ తెల్లగా మిగిలిపోయింది.

"ఇదేంటి? నేను పూశానా, పూయలేదా?" అని సూర్యుడు తల గోక్కున్నాడు.

అదేం మచ్చో ఎవరికీ అంతు పట్టలేదు. "పాలు ఒలికాయి" అని మేక నాకి చూసింది. పాల రుచి లేదు. "కాదు, ముగ్గుపిండి" అని కోడి పొడవబోయింది. "కడుపులో నులిపురుగులే తల్లీ" అని నాయనమ్మ వేపాకు నూరి మింగించింది. నోరు చేదైంది గానీ మచ్చ కదల్లేదు.

నొప్పా, లేదు. మంటా, లేదు. మరి తనకేమైంది? నూకాలుకి ఏమీ పాలుపోలేదు.

ఒప్పులకుప్ప తిరగడానికి చేతులు చాపితే, స్నేహితురాలు బంగారి తన చేతులు వెనక్కి దాచుకుంది.

"అది అంటుకుంటుందట. మాయమ్మ చెప్పింది. నిజమేనా?"

"నాకేం తెలుసే!" అని నూకాలు బావురుమంది.

ఆ ఏడుపు విని గాలి కొండ దిగి వచ్చింది. "నేనేనే! దాహం ఆపుకోలేక నీ చెంప తడి తాగేశాను" అంది తల వంచుకుని.

"అయితే అంటుకోదా?" అని అడిగింది బంగారి.

"తడి ఆరిపోయింది, అంతే. అంటుకోడానికి అక్కడేముంది?"

బంగారి కాసేపు ఆలోచించింది. తర్వాత తన చెంప తెచ్చి ఆ మచ్చకి గట్టిగా ఆనించింది. చేత్తో తడుముకుంది. ముంత నీళ్ళలో చూసుకుంది. ఏమీ లేదు!

"రావే, తిరుగుదాం!"

ఇద్దరూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు. నాయనమ్మ రోజూ నువ్వులనూనె రాసింది. సూర్యుడు కొంచెం కొంచెంగా రంగు అద్దాడు. ఎన్ని నెలలు పట్టిందో గానీ, ఒకనాడు చూస్తే మచ్చ లేదు.

గాలి "ఇంకెప్పుడూ తాగను" అని ఒట్టేసింది. కానీ దాహమేస్తే దానికి ఆ ఒట్టు గుర్తుండదు.

అప్పటినుంచే పిల్లల చెంపల మీద ఉన్నట్టుండి తెల్లమచ్చ కనబడుతుంది. నొప్పి పెట్టదు, ఎవరికీ అంటుకోదు. తొందరపెడితే పోదు. ఏదో ఒక రోజు, ఎవరికీ చెప్పకుండా తనే వెళ్ళిపోతుంది.