సగం క్యాను పాలు, రాజుగారి ఎర్రబండి

అనగనగా, ఇటు ఏరు, అటు కోట, నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ. పాలమ్ముకునే ఇల్లు వాళ్ళది. ఆవిడకి ఒక్కడే కొడుకు, గవర్రాజు. ఆ కొడుక్కో పెళ్ళాం, పైడితల్లి. ఇంకా ఎవరున్నారంటావా తేజూ? గేదెలున్నాయి, దూడలున్నాయి, ఒక చిన్న మోటారు సైకిలుంది. అది తన్నగా తన్నగా దగ్గేది, దగ్గగా దగ్గగా కదిలేది, కదిలాక మాత్రం బుద్ధిగా పోయేది. ఏమిటే కుందనా? రాజుల కథలో మోటారు సైకిళ్ళుండవా? నా కథలో ఉంటాయి. దుప్పటి వాడికీ కాస్త కప్పి, ఊఁ అను.

గవర్రాజు బండి నేర్చుకుని ఎన్నాళ్ళో కాలేదు. మొన్న వానలు వెలిశాక నేర్చుకున్నాడు. పొద్దున్నే అటో క్యాను, ఇటో క్యాను తగిలించుకుని, ఏటి అవతల పల్లెలు తిరిగి, ఇంటింటా పాలు పోయించుకుని వచ్చేవాడు. క్యాన్లు మెడదాకా నింపి, పైన శుభ్రమైన గడ్డి కుక్కి, మూత బిగించేవాడు. అలా కుక్కితే పాలు తొణకవు. ఇంటికొచ్చి మూత తీస్తే చుక్క ఒలికి ఉండేది కాదు. అది చూసుకుని, తనంత బాగా బండి నడిపేవాడు ఈ చుట్టుపక్కలే లేడనుకున్నాడు పిచ్చివాడు.

అచ్చియ్యమ్మకి మాత్రం వాడు గుమ్మం దాటింది మొదలు చెవులు రోడ్డు మీదే. రోజూ అదే పాట పాడేది. గతుకు దగ్గర మెల్లిగా నాయనా, మలుపు దగ్గర మెల్లిగా నాయనా, కుక్క కనిపిస్తే మెల్లిగా, కోడి కనిపిస్తే మెల్లిగా.

"ఇంత మెల్లిగా వెళితే పాలు దారిలోనే పెరుగైపోతాయే అమ్మా" అనేవాడు వాడు.

వాడు నవ్వేవాడు. ఆవిడ నవ్వేది కాదు. దగ్గు బండి దగ్గుతూ సందు మలుపులోకి వచ్చిందంటేనే పొయ్యి మీద ఎసరు సంగతి గుర్తొచ్చేది ఆవిడకి.

ఇలా ఉండగా, రాజుగారు ఓడలో ఒక బండి తెప్పించుకున్నారు. ఎర్రటి బండి, నున్నటి బండి, ముందుకు వంగి దూకబోయే పులిలాంటి బండి. రాజుగారు కిరీటం తీసి మంత్రి చేతికిచ్చి, హెల్మెట్టు పెట్టుకుని ఎక్కారు. పిడి ఇలా తిప్పారో లేదో, గడ్డివాములో ఉన్నారు. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి. మంత్రిగారు ఒక కాలూ సేనాపతిగారు ఒక కాలూ పట్టుకుని లాగారట. నవ్వకండిరా, రాజుగారికి వినపడుతుంది.

మర్నాడు దండోరా వేయించారు. ఈ బండిని ఎవరైనా తీసుకెళ్ళవచ్చు, రాబోయే పున్నమి తీర్థం జాతరలో జనమందరి ముందూ కోట గుమ్మం నుంచి ఏటి రేవుదాకా నడిపి చూపిస్తే బండి వాళ్ళదే, అని. డప్పు ఆగకముందే గవర్రాజు చెయ్యెత్తాడు. పొద్దు వాలేసరికి ఎర్రబండి అచ్చియ్యమ్మ గేదెల పాకలో ఉంది.

ఆ సాయంత్రం బండిని చూసి బెదిరి గేదెలు పాలు చేపలేదు. అచ్చియ్యమ్మ అన్నం ముట్టలేదు. వద్దంటే ఏమవుతుంది? ఏ చీకట్లోనో తనకి చెప్పకుండా ఎక్కుతాడు. సరే అంటే ఏమవుతుంది? ఆ సరే అన్న మాటే రేపు తన మెడకి చుట్టుకుంటుంది. అనలేకా, అనకుండా ఉండలేకా, ఆవిడ దూడల్ని తిట్టుకుంటూ తిరిగింది.

గవర్రాజు ఒక్కసారి స్టార్టు చేసి చూస్తానన్నాడు. చూడటానికే, కదపనన్నాడు. పిడి రవ్వంత తిప్పాడు. అంతే! బండి దూకింది, పాక గుంజ విరిగింది, కుడితి తొట్టి పగిలింది, పెద్ద గేదె పలుపు తెంచుకుని వీధిన పడింది. గవర్రాజు కుడితిలో కూర్చుని ఉన్నాడు. తల నిండా తవుడు, చిట్టూ.

"కొత్త కదా, రెండ్రోజులు పోతే అదే అలవాటవుతుంది" అన్నాడు, మొహం తుడుచుకుంటూ.

అచ్చియ్యమ్మ విరిగిన గుంజ వైపు చూసింది. ఇక్కడ గుంజ ఉంది కాబట్టి ఆగింది. రోడ్డు మీద గుంజలెవరు పాతుతారు?

అప్పుడు పైడితల్లి ఏం చేసిందనుకున్నారు? ఏడవలేదు, అరవలేదు. బండి తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. నువ్వు బండి నడపడం వచ్చంటున్నావు మావా, అత్త రాదంటోంది, మీ ఇద్దరి మాటా వద్దు, పాలనే చెప్పమందాం, అంది. రేపట్నుంచి రెండు క్యాన్లూ సగం సగమే నింపాలి. గడ్డి కుక్కకూడదు. ఎర్రబండి మీద కాదు, నీ చిన్న బండి మీదే తేవాలి. అత్త మూత తీసేసరికి పాలు పాలలాగే ఉంటే తాళంచెవి నీది.

"ఓస్, ఇంతేనా! ఎల్లుండికల్లా తాళం నా జేబులో ఉంటుంది చూడు" అన్నాడు గవర్రాజు.

మీకు తెలీదేమో, సగం క్యాను పాలు ఊరికే ఉండవు. బండి అదిరితే అదురుతాయి, విసిరితే విసురుగా కొట్టుకుంటాయి. కవ్వం లేకుండానే చిలుక్కుంటాయి. మర్నాడు అచ్చియ్యమ్మ మూత తీసేసరికి ఉసిరికాయంత వెన్న తేలుతోంది.

గవర్రాజు క్యాను మీద విరుచుకుపడ్డాడు. నన్నంటావేం, బండి కుదిపిందంది క్యాను. నన్నంటావేం, బ్రేకు పట్టేసిందంది బండి. నన్నంటావేం, చెయ్యి నొక్కేసిందంది బ్రేకు. నన్నంటావేం, కన్ను ఆలస్యంగా చెప్పిందంది చెయ్యి. నేనేం చెయ్యను, మనసు నన్నొదిలేసి ఎర్రబండి చుట్టూ తిరుగుతోందంది కన్ను. ఇక మనసునేం అడుగుతాడు? నోరు మూసుకుని అన్నం తిన్నాడు.

ఊఁ కొడుతున్నారా, కునుకు తీస్తున్నారా?

అక్కణ్ణుంచి రోజూ అదే. గవర్రాజు గతుకుని ముందే చూడటం నేర్చుకున్నాడు. మలుపు రాకముందే జోరు తగ్గించడం, బ్రేకుని పసిపిల్ల బుగ్గని పట్టుకున్నట్టు పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఉసిరికాయంత వెన్న కుంకుడుకాయంత అయింది. కుంకుడుకాయంతది రేగుపండంత, రేగుపండంతది మిరియమంత. వెన్న తగ్గేకొద్దీ అచ్చియ్యమ్మకి ఊపిరి తేలిక పడాలి కదా? పడలేదు. రోడ్డు మీద కొడుకు కుదురుగా వస్తున్నాడని ఒక పక్క సంతోషం. ఆ కుదురే వాణ్ణి ఎర్రబండి ఎక్కిస్తుందని ఒక పక్క భయం. మూత తీసే ముందు దేవుడికి ఏమని మొక్కుకోవాలో కూడా తెలిసేది కాదు ఆవిడకి.

పున్నమి రానే వచ్చింది. ముందురోజు మూత తీసినప్పుడు ఆవగింజంతే ఉంది వెన్న. ఆ పొద్దున్న వాడింకా రాకముందు, అచ్చియ్యమ్మ ఉట్టి మీది కుండ దింపింది. గుప్పెడు వెన్న తీసింది. మూత తీసేటప్పుడు క్యానులోకి జారవిడిస్తే చాలు. ఎవరికి తెలుస్తుంది? కొడుకు కాసేపు అలుగుతాడు. అలిగినా కళ్ళ ముందు ఉంటాడు. ఆవిడ గుప్పిట బిగించి పెరట్లో నిలబడింది.

దగ్గు బండి వచ్చింది. అచ్చియ్యమ్మ ఎడం చేత్తో ఒక మూత తీసింది, రెండో మూత తీసింది. తెల్లటి పాలు. మీద నురగ ఉందంతే, వెన్న పూసన్నది లేదు.

గవర్రాజు ఎగిరి గంతేశాడు. ఏదీ తాళం, ఏదీ తాళం, అని పెళ్ళాం చుట్టూ తిరిగాడు. పైడితల్లి మాట తప్పే మనిషి కాదు. ముడి విప్పుతోంది కానీ మెల్లిగా, ఒక్కో మడతే. పందెం పెట్టిన తనకే ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది. తాళం చేతులు మారింది. అచ్చియ్యమ్మ మాత్రం క్యాను మీద చెయ్యి చాపి అలాగే ఉండిపోయింది. గుప్పిట్లో వెన్న కరిగి, మణికట్టు మీదుగా మోచేతి దాకా కారి, టప్, టప్ మని నేల మీద పడుతోంది.

"చేతిలో ఏంటమ్మా అది?"

ఆవిడ గుప్పిట తెరిచింది.

"క్యానులో వేసేద్దామనుకున్నాను నాయనా. చెయ్యి రాలేదు. ఇన్నాళ్ళూ నువ్వు పడ్డ కష్టాన్ని అబద్ధం చెయ్యలేకపోయాను. వెళ్ళు. నాకు భయమే. అయినా వెళ్ళు."

గవర్రాజుకి కోపం రాలేదా అంటే వచ్చింది. వచ్చి, ఆ కారుతున్న చేతిని చూసి ఆగిపోయింది. క్యాను వైపు చూశాడు, తాళం వైపు చూశాడు. ఇంత చిన్న బండిని కుదురుగా నడపడానికే ఎన్ని వెన్నముద్దలు తేలాయి! ఆ ఎర్రదాన్ని తను నడిపింది ఎంత దూరం? కుడితి తొట్టిదాకా.

"దీని మీద పాలు కుదిరాయే అమ్మా. దాని మీద నాకు ఇవాళ నీళ్ళు కూడా కుదరవు" అన్నాడు.

ఎర్రబండిని చేత్తో తోసుకుంటూ తీర్థానికి వెళ్ళాడు. జనం విరగబడి చూశారు. బుల్లియ్య అని వాడికో బావమరిది వరసవాడు ఉన్నాడు, నోరు పెద్దది. "ఏం బావా, బండి నిన్ను మోస్తుందనుకుంటే నువ్వే దాన్ని మోసుకొస్తున్నావేంటి? ఊయల కూడా కట్టకపోయావా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. గవర్రాజు చెవులు ఎర్రబడ్డాయి, బండి రంగులోకి వచ్చాయి.

రాజుగారు, భయమా, అని అడిగారు. భయమే మహారాజా, తమరు గడ్డివాములోకి విచ్చేసినప్పుడు తమకి వెయ్యలేదా, అన్నాడు గవర్రాజు. రాజుగారు కిరీటం సర్దుకున్నారు. ఇంతలో బుల్లియ్య, నేను నడుపుతానంటూ తాళం లాక్కుని ఎక్కాడు. కోట గుమ్మంలో ఎక్కినవాడు జీళ్ళ కొట్టు పాకంలో దిగాడు. కొట్టువాడు పక్కకి గెంతాడు కనుక బతికాడు. బుల్లియ్యకి చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుంటూ కూడా జీళ్ళు బాగున్నాయన్నాడట.

అప్పుడు రాజుగారు గవర్రాజుని దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకుండా, ఆ సగం క్యాను విద్య నాకూ నేర్పుతావా, అని అడిగారు. నేర్పాడు. దగ్గు బండి మీద రాజుగారు కోట చుట్టూ తిరిగొస్తే క్యాను నిండా వెన్నే. రాణిగారు కవ్వాలన్నీ అటకెక్కించేశారు. ఎర్రబండిని బాగుచేయించి కోట వెనక మైదానంలో ఉంచారు. ఎవరూ అడ్డురాని చోట, గవర్రాజు ఏడాది పొడుగునా నేర్చుకున్నాడు. ముందు నడకంత, తర్వాత పరుగంత, ఆ తర్వాత గుర్రమంత.

మళ్ళీ తీర్థం వచ్చింది. గవర్రాజు ఎర్రబండి ఎక్కాడు. అచ్చియ్యమ్మ రోడ్డు పక్కన కోడలి చెయ్యి పట్టుకుని, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. పైడితల్లి చెబుతూనే ఉంది. కోట గుమ్మం దాటాడత్తా. చెరకు బండిని చూసి ఆగాడత్తా. మలుపు తిరిగాడత్తా, వంగాడు, లేచాడు. రేవు దగ్గరికి వెళ్ళాడు, వెనక్కి తిప్పాడు. వస్తున్నాడు, వస్తున్నాడు. ఆపాడు. స్టాండు వేశాడు. దిగాడత్తా.

అప్పుడు కళ్ళు తెరిచింది.

"అమ్మా, చూశావా?" అన్నాడు వాడు, హెల్మెట్టు తీస్తూ.

"చూశాను నాయనా. ఎంత బాగా దిగావో!" అంది అచ్చియ్యమ్మ.

రాజుగారి మాట ప్రకారం ఎర్రబండి గవర్రాజుదైంది, అందరూ హాయిగా ఉన్నారు. విన్నారు కదా, చిన్నదాని మీద చెయ్యి కుదిరాకే పెద్దదాని మీదికి ఎక్కాలి, ఎక్కేవాళ్ళ కోసం ఇంటి దగ్గర ఒకరు ఊపిరి బిగబట్టుకుని ఉంటారని గుర్తుంచుకోవాలి. అదిగో, కథ కంచి బస్సెక్కేసింది. మనం దుప్పట్లో దూరిపోదాం.