ఏడిళ్ళు తిరగని పిల్లికూన

పడుకున్నారా అందరూ? చంటీ, నీ కాలు అమ్మలు మీంచి తియ్యి. అమ్మలూ, నువ్వు ఊ కొట్టాలమ్మా, వీడు సగంలోనే గుర్రు పెడతాడు. ఇంక వినండి.

అనగనగా గాదెలపాలెం అని ఒక ఊరు. ఊరి నిండా గాదెలు, గాదెల నిండా ధాన్యం. ఆ ఊరికో రాజు. ఆయన పేరు బారెడు పొడుగు, ఎవరికీ గుర్తుండేది కాదు, అందుకని శకునాల రాజు అనేవాళ్ళు. ఎవరన్నా తుమ్మితే ఆగేవాడు, బల్లి అరిస్తే ఆగేవాడు, ఆగి ఆగి ఏ పనికీ వేళకి వెళ్ళేవాడు కాదు. ఒకనాడు గుమ్మం దాటుతుంటే పిల్లి ఎదురొచ్చింది. ఇంకేముంది, నా రాజ్యంలో పిల్లి అన్నది కంటబడకూడదని చాటింపు వేయించాడు. భటులు పిల్లులన్నిటినీ గోనెసంచుల్లో వేసుకెళ్ళి పొలిమేర దాటించేశారు. మరి పిల్లులు పోతే ఏమవుతుందిరా చంటీ? ఆఁ, ఎలకలింట పెళ్ళిళ్ళవుతాయి!

ఎలకలు ధాన్యం తిన్నాయి. ధాన్యం తిని గోతాలు తిన్నాయి. గోతాలు తిని పట్టుబట్టలు తిన్నాయి. పట్టుబట్టలు తిని పరుపులు తిన్నాయి. ఆఖరికి ఒకరోజు రాజుగారు పప్పూ నెయ్యీ కలుపుకుని భోంచేసి, మూతి సరిగ్గా కడుక్కోకుండా కునుకు తీస్తుంటే, నేతి వాసనకి వచ్చి ఎడంపక్క మీసం కాస్తా కొరుక్కుపోయాయి. ఊ కొడుతున్నారా? మూతి కడుక్కోమంటే నన్ను కసురుతావుగా చంటీ, చూసుకో మరి.

రాజుకి రోషం వచ్చింది. పిల్లి కావాలన్నాడు. ఏ నోటితో తరిమాడో ఆ నోటితోనే! అయితే పిల్లి అంటే భయమాయె. అప్పుడు ఆస్థాన జ్యోతిష్కుడు వేళ్ళు లెక్కపెట్టి, అపశకునమంతా పెద్దపిల్లికే గానీ కూనకి అంటదనీ, ఎంత చిన్న కూనైతే అంత మంచిదనీ చెప్పాడు. కూనని తెచ్చినవాళ్ళని పల్లకీలో ఊరేగిస్తానని రాజు మళ్ళీ చాటింపు వేయించాడు.

ఇప్పుడు మన మాణిక్యం దగ్గరికొద్దాం. మాణిక్యం ఆ ఊళ్ళోనే చింతాలమ్మ అనే ఆవిడకి కోడలు. మెత్తగా మాట్లాడేది, గట్టిగా ఆలోచించేది. పిల్లుల్ని తరిమేసిన రోజున ఈ పిల్ల ఒక పిల్లిని అటక మీద పాతకుండల వెనకాల దాచేసింది. బూరె రంగులో ఉంటుందని దానికి బూరెమ్మ అని పేరు. అత్తగారికి తెలీదనుకునేరు! తన గదిలో ఎలకల బెడద లేదుగదా అని తెలిసీ తెలీనట్టు ఊరుకుంది ఆవిడ.

ఆ బూరెమ్మ మూడు పిల్లల్ని పెట్టింది. పన్నెండు రోజుల కూనలు. కళ్ళు సగం విచ్చాయి, చెవులింకా నెత్తికి అతుక్కునే ఉన్నాయి. చింతాలమ్మకేమో పుట్టి బుద్ధెరిగినప్పణ్ణించీ పల్లకీ ఎక్కాలని ఒకటే కోరిక. పల్లకీ మాట చెవిన పడగానే, బావిదగ్గర నలుగురిలో, మా ఇంట కూనలున్నాయని చెప్పేసింది. ఆవిడ బిందె నిండేలోపు మాట కోటకి చేరింది. పొద్దున్నే భటులొచ్చి అటకెక్కి, బూరెమ్మ చేత మొహాలు గీరించుకుని, చేతికందిన కూనని పట్టుకుపోయారు.

మాణిక్యం వెంటపడి, అది పాలుతాగే పసికందయ్యా, తల్లి లేకపోతే చస్తుందని మొత్తుకుంది. వాళ్ళు వింటారా? అత్తగారేమో, పిల్లికూనకి కూడా ఇంత రాగమా అని దీర్ఘం తీసింది. తీసి, పల్లకీకని పట్టుచీర కట్టుకుని కోటకి బయల్దేరింది.

కోటలో ఆ కూనకి ఏం తక్కువ? వెండిగిన్నెలో పాలు పోశారు, మూతి ముంచి తుమ్మింది. వెన్న పెట్టారు, కాలేసి జారింది. పరమాన్నం పెట్టారు, అందులో బోర్లా పడింది. ఒక ముసలి ఎలక వచ్చి చుట్టూ తిరిగి చూసి, దాని పక్కనే కూర్చుని పరమాన్నం తినేసి పోయింది. కూన మాత్రం మ్యావంటానికి కూడా రాక ‘కీ, కీ’ అని ఏడుపు. పొద్దెక్కేకొద్దీ ఆ ఏడుపూ సన్నబడిపోతోంది.

అటక మీద బూరెమ్మ కూడా అలాగే ఏడుస్తోంది. మాణిక్యం ఇంక ఆగలేకపోయింది. సాయంత్రందాకా చూస్తే కూన దక్కదు. బూరెమ్మని బుట్టలో పెట్టి మూతేసి కోటకి నడిచింది. కూనని ఇప్పించమంటే కావలివాళ్ళు నవ్వారు. రాజుగారు కూతురికి సంబంధం మాట్లాడ్డానికి పక్క రాజ్యానికి బయల్దేరుతున్నారు, తప్పుకోమన్నారు. అలాగా, అంది మాణిక్యం. అని తప్పుకుంది. తప్పుకుని ఏం చేసిందో తెలుసా?

రాజు తూర్పుగుమ్మం దాటబోయాడు. మాణిక్యం బుట్టమూత తీసింది. లోపల కూన ఏడుపు వినబడి బూరెమ్మ ఒక్క గెంతు గెంతి రాజుకి ఎదురొచ్చింది. రాజు వెనక్కి తిరిగాడు, కాళ్ళు కడుక్కున్నాడు, కాసేపు కూర్చున్నాడు, చెంబెడు నీళ్ళు తాగాడు, లేచాడు. పడమటిగుమ్మం దాటబోయాడు. అక్కడా బూరెమ్మే! వెనక్కి తిరిగాడు, కాళ్ళు కడుక్కున్నాడు, కూర్చున్నాడు, చెంబెడు నీళ్ళు తాగాడు, లేచాడు. ఉత్తరం గుమ్మం. బూరెమ్మ! మళ్ళీ కాళ్ళు, మళ్ళీ కూర్చోడం, మళ్ళీ చెంబెడు నీళ్ళు. దక్షిణం గుమ్మందాకా వచ్చేసరికి ఆయన పొట్ట తోలుతిత్తిలా ఊగుతోంది. నవ్వకు చంటీ, నువ్వూ లేచి ఒకసారి దొడ్లోకెళ్ళి రావాలి.

ఆఖరికి రాజు మాణిక్యాన్ని పిలిపించి, నా మీద ఈ కక్షేమిటని అడిగాడు. అది మీకు ఎదురు రావటంలేదు మహారాజా, బిడ్డని వెతుక్కుంటోందంది మాణిక్యం. అయితే కూన ఎప్పుడు నాదవుతుందన్నాడు. ఏడిళ్ళు తిరిగాక అంది. ఏ ఏడిళ్ళు అన్నాడు.

ఏడిళ్ళు తెలీవా మహారాజా? తల్లిపిల్లి పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్ళు మారుస్తుంది కదా, అవి. ఇంటికో వారం. మొదటింట్లో ఒట్టి నిద్ర. రెండోయింట్లో కళ్ళు తెరుస్తుంది. మూడోయింట్లో కాళ్ళు నిలుస్తాయి. నాలుగోయింట్లో పాలపళ్ళు మొలుస్తాయి. అయిదోయింట్లో పాలన్నం మెతుకు నాకుతుంది. ఆరోయింట్లో బూడిదలో గొయ్యి తవ్వి, పని కానిచ్చి, కప్పెట్టడం నేర్చుకుంటుంది. ఏడోయింట్లో అన్నదమ్ములతో కుస్తీపట్టి, ఎంత కొరికితే నొప్పో ఎంత కొరికితే ముద్దో తెలుసుకుంటుంది. ఎనిమిదో వారం తల్లి వేట చూపిస్తుంది. తొమ్మిదో వారం పాలకి వస్తే మూతి మీద ఒక్కటి పీకి, ఇంక నీ బతుకు నువ్వు బతకమంటుంది. అప్పుడు తెచ్చుకోవాలి మహారాజా, కళ్ళు తెరవకుండా తెచ్చుకుంటే అది ఎలకల్ని పట్టదు, ఎలకలే దాన్ని పడతాయంది.

తిరక్కపోతే ఏమవుతుందన్నాడు రాజు. ఈ పిల్ల కళ్ళు దించుకుని, ఏముంది, తిరగని ఏడిళ్ళూ పెంచుకున్నవాళ్ళు తిరగాలంది. ఆ మాట తనే పుట్టించిందర్రా, ఏ శాస్త్రంలోనూ లేదు! రాజుకి తను సింహాసనం నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతున్నట్టు కళ్ళకి కట్టింది. గజగజ వణికాడు.

వణుకుతూనే, ఇదంతా నీకెలా తెలుసన్నాడు. మాణిక్యం కళ్ళెత్తింది. నాకు ఎనిమిదేళ్ళు నిండకుండానే మా అత్తగారు కోడలిగా తెచ్చుకున్నారు, అంది. నెయ్యేసి అన్నం పెట్టారు. పట్టుపరికిణీ కుట్టించారు. దేనికీ లోటు చెయ్యలేదు. కానీ వారంరోజులు నాకు ముద్ద మింగుడుపడలేదు మహారాజా. అమ్మ ఎక్కడని అడిగితే తప్పేమోనని అడగలేదు, అంది.

పల్లకీ కోసం వచ్చిన చింతాలమ్మ అక్కడే, స్తంభం పక్కనే నిలబడి ఉంది. ఆ మాట విని, పల్లకీ ఊసెత్తకుండా ఇంటిదారి పట్టింది.

రాజు కూనని ఇప్పించేశాడు. బూరెమ్మ దాన్ని మెడపట్టుకుని ఒక మూలకి చేర్చి, నాకి నాకి, పాలిచ్చింది. కూన పొట్ట గుండ్రంగా అయ్యేదాకా మాణిక్యం అక్కణ్ణించి కదల్లేదు.

మర్నాడు తెల్లారేసరికి వాకిట్లో బండి కట్టి ఉంది. బండిలో సున్నుండల డబ్బా, అరటిగెల. చింతాలమ్మ కోడలి తల దువ్వి, జడేసి, పుట్టింటికెళ్ళి రమ్మంది. ఎప్పుడు రావాలత్తయ్యా అని మాణిక్యం భయం భయంగా అడిగింది. మీ అమ్మ చేతిముద్ద చాలనిపించాక రా, అంది చింతాలమ్మ. అని మొహం తిప్పేసుకుంది, కళ్ళల్లో ఏదో పడిందట!

మరి కూనల్ని ఎవరు చూశారంటావా అమ్మలూ? చింతాలమ్మే! అయిదో వారంలో మళ్ళీ భటులొస్తే చీపురు తిరగేసి, ఇంకా బూడిదలో గొయ్యి తవ్వడం రాలేదర్రా, నడవండి అని వీధి చివరిదాకా తరిమింది. ఆ లోపల ఎలకలు రాజుగారి కుడిపక్క మీసం కూడా తినేశాయి. పోన్లే, రెండుపక్కలా సమానమైంది, ఆ మొహంతోనే సంబంధం ఖాయం చేసుకొచ్చాడు.

తొమ్మిదో వారం మాణిక్యం బుగ్గలు నిండి తిరిగొచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ కూనని బుట్టలో పెట్టుకుని, ఒకే పల్లకీలో ఇరుక్కుని కూర్చుని కోటకెళ్ళారు. కూన బుట్టలోంచి దిగింది, తోక లేపింది, నేరుగా వెళ్ళి ఆ ముసలి ఎలక మెడ పట్టుకుంది. రాజుగారి మీసం మళ్ళీ మొలిచింది.

అందుకని చంటీ, ఎదురింటి కూనలకోసం గోడ దూకకు. వాళ్ళమ్మ మూతి మీద ఒకటి పీకేదాకా ఆగు, నేనే వెళ్ళి అడిగి తెస్తాను. కథేమో కంచికి బండెక్కింది, మనమేమో దుప్పట్లో దూరాం. ఊ అనవేం రా? నిద్రపోయాడు, వెధవ.