వానకోవెలలు రాలేదన్న అబద్ధం

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, లేకపోతే నా కథ కదలదు.

అప్పుడెప్పుడో, మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, సముద్రాల అవతల జర్మనీ దేశంలో, మంచుకొండ కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో యోస్ట్ అనే ఆయన ఉండేవాడు. పెద్ద చదువే చదివాడు. జంతువుల చదువు. ఏ పురుగు ఏం తింటుంది, ఏ పిట్ట ఎక్కడ పడుకుంటుంది, అదీ ఆయన చదువు. మనిషిని చూస్తే మాత్రం చదువుకున్నవాడిలా ఉండడు. మోకాళ్ళకు మట్టి, జేబుల్లో నత్తగుల్లలు. జనం ఆయన్ని పిట్టల పంతులు అనేవాళ్ళు.

పంతులు పగలంతా చూసేవాడు. ఇంటికొచ్చి చూసింది రాసేవాడు. బట్టలుతికే ఆమె చదివినా అర్థమయ్యేటట్టు రాసేవాడు. ఆ చిన్న చిన్న పుస్తకాలను దేశమంతా చదివేది. చదివినవాళ్ళు సాలెపురుగును చూసినా ఒక క్షణం ఆగి, అప్పుడు చెప్పు తీసేవాళ్ళు.

ఆయన భార్య పేరు ఒట్టీలియా. ఆమె రొట్టె కాలిస్తే వీధంతా వాసన. మంచి మనిషే. ఒకటే జబ్బు, అసూయ. ఇంకో ఆడదాని మీద కాదు. మొగుడు చూసే ప్రాణుల మీద.

మొదట బోదురుకప్ప మీద. పెళ్ళయిన మర్నాడే పంతులు మడుగు దగ్గరికి పోయి సాయంత్రానికి వచ్చాడు.

“ఎక్కడికి పోయావయ్యా?”

“కప్పని చూశాను. దాని కళ్ళు రాగి రంగు!”

ఒట్టీలియా లోపల భగ్గుమంది.

తర్వాత గుడ్లగూబ మీద. “దాని కళ్ళు నారింజ పండు రంగు!” అన్నాడు. ఒట్టీలియా లోపల భగ్గుమంది. ‘దేశం మొత్తానికి గూబ కళ్ళ రంగు తెలిసింది. నా కళ్ళ రంగు నా మొగుడికి తెలుసో లేదో’ అనుకుంది.

మూడోది వానకోవెల. కత్తెరలా చీలిన తోక, ఇటుక రంగు గొంతు, గుప్పెట్లో పట్టేంత పిట్ట. చలికి ఎటో వెచ్చని దేశానికి పోతుంది. వసంతంలో తిరిగొచ్చి పశువుల కొట్టాల్లో దూలాలకు మట్టిగూడు కడుతుంది. పంతులు ప్రాణమంతా దాని మీదే. ఒట్టీలియా కడుపుమంటంతా దాని మీదే.

అది చలిదేశం. చలికాలమంతా కొట్టాల కిటికీలు బిగించి ఉంటాయి. ఏటా మొదటి వానకోవెల కనపడగానే పంతులు బజారులో చెక్కపలక మీద కాగితం అంటించేవాడు. ‘వచ్చాయి. కిటికీలు తెరవండి.’ అది చూసి ఊరంతా తెరిచేది. పిట్టలు లోపలికి పోయేవి.

ఇట్లా ముప్పై ఏళ్ళు గడిచాయి. పంతులు కళ్ళకు పొర కమ్మింది. ఒక కన్ను పోయింది. రెండో కన్నూ పోయింది. పిట్టల సన్నటి కూతలు కూడా చెవికి అందడం మానేశాయి.

ఊరు ఏడ్చింది. ఒట్టీలియా కూడా ఏడ్చింది. కానీ లోపల, ఎవరికీ చెప్పుకోలేని చోట, ఆమెకు సంతోషం. ఇప్పుడు పంతులు ఎక్కడికీ పోడు. ఆమె చెయ్యి పట్టుకునే నడుస్తాడు. ఆయన చెబితే ఆమే రాస్తుంది. ఆ చలికాలం ఆమె బతుకులో తియ్యని కాలం.

వసంతం వచ్చింది. దడి మీద మొదటి వానకోవెల వాలింది. ఒట్టీలియా చూసింది. ‘వచ్చావూ? మళ్ళీ నా మొగుణ్ణి తీసుకుపోవడానికే వచ్చావు.’

“ఒట్టీలియా, వచ్చాయా?” అన్నాడు పంతులు లోపలినుంచి.

“రాలేదు.”

రెండో రోజు అడిగాడు. “రాలేదు.”

మూడో రోజు అడిగాడు. “రాలేదు.”

“అయితే సముద్రం మీదే చచ్చిపోయుంటాయి” అన్నాడు పంతులు. “కాగితం రాయి. ఈ ఏడాది వానకోవెలలు రాలేదు. కిటికీలు తెరవక్కర్లేదు.”

ఒట్టీలియా రాసింది. పోయి అంటించింది.

ఊళ్ళోవాళ్ళ నెత్తి మీదే పిట్టలు తిరుగుతున్నాయి. “అవిగో వానకోవెలలు” అని ఒకడంటే, “పంతులు రాలేదని రాశాడు కదా, అవి ఇంకేవో పిట్టలు” అన్నాడు ఇంకొకడు. కళ్ళను కాదని కాగితాన్ని నమ్మారు. ఒక్క కిటికీ తెరుచుకోలేదు.

అంతలో చలి తిరగబెట్టింది. వానతో పాటు మంచు పడింది. ఎగిరే దోమ లేదు, ఈగ లేదు. పిట్టలు మూసిన కిటికీలకు ముక్కులు కొట్టుకున్నాయి. పదకొండో రోజు పొద్దున ఒట్టీలియా తలుపు తీస్తే, కొట్టం కిటికీ కింద మూడు వానకోవెలలు పడి ఉన్నాయి. బిగుసుకుపోయి ఉన్నాయి.

ఆమె వాటిని గౌను చెంగులో వేసుకుని లోపలికి వచ్చింది. ఒకదాన్ని మొగుడి అరచేతిలో పెట్టింది.

పంతులు వేళ్ళతో తడిమాడు. “మగపిట్ట. తోక పొడుగు.” “ఎప్పుడొచ్చాయి?”

“పదకొండు రోజులయింది.”

“ఎందుకు చెప్పలేదు?”

“కప్ప కళ్ళు రాగి రంగు, గూబ కళ్ళు నారింజ రంగు. నా కళ్ళు ఏ రంగో చెప్పు చూద్దాం.”

పంతులు ముప్పై ఏళ్ళ కాపురం వెతుక్కున్నాడు. దొరకలేదు.

“తెలియదు” అన్నాడు. చూడనిది చెప్పడం ఆయనకు చేతకాదు.

పంతులు కర్ర అందుకుని లేచాడు. “కాగితం రాస్తే ఆలస్యమవుతుంది. బతికినవి ఇంకా ఉంటాయి. పద. ప్రతి ఇంటికీ పోదాం. నువ్వే చెప్పాలి.”

మంచువానలో ఇద్దరూ బయలుదేరారు. ప్రతి తలుపు దగ్గరా ఒట్టీలియా ఒకటే మాట చెప్పింది. “వచ్చాయి. నేను చూశాను. అబద్ధం చెప్పాను. కిటికీ తెరవండి.”

మొదటి ఇంట్లో తిట్టారు. రెండో ఇంట్లో నవ్వారు. “పిట్ట మీద అసూయా!” అన్నారు. ఒట్టీలియా తల దించుకుని మళ్ళీ అదే మాట చెప్పింది. తిట్టినవాళ్ళూ, నవ్వినవాళ్ళూ కిటికీలు మాత్రం తెరిచారు.

మూడో ఇంట్లో ట్రూడె అనే ముసలామె ఉండేది. ఆమె తిట్టలేదు, నవ్వలేదు. పక్కింటి గొడవ విని, వీళ్ళు చెప్పకముందే కిటికీ తెరిచింది. పంతులు ఆమెను ఆపాడు.

“అవ్వా, నా భార్య కళ్ళ రంగేమిటి?”

“తేనె రంగు నాయనా. ఇన్నేళ్ళు కాపురం చేసి ఎరగవా?”

“ఎరగను. నా తప్పే” అన్నాడు పంతులు. గడపలో నిలబడి కంటతడి పెట్టాడు.

ఆ సాయంత్రానికి ఊరి కొట్టాలన్నీ తెరుచుకున్నాయి. తడిసిన పిట్టలు ఆవుల వెచ్చని ఊపిరి మీదుగా దూలాల మీదికి చేరాయి. చచ్చినవి చచ్చాయి. మిగిలినవి గూళ్ళు కట్టాయి.

పంతులు ఇంకా మూడు వసంతాలు బతికాడు. రోజూ ఒట్టీలియా చూసి వచ్చేది, ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ఒకరోజు ఆమె చెబుతూ చెబుతూ పిట్టను మెచ్చుకుని నవ్వింది. పంతులు మూతి ముడుచుకున్నాడు.

“ఏమయింది?”

“నువ్వు చూస్తున్నావు, నేను చూడటం లేదు. కుళ్ళుగా ఉంది.”

“తెలిసిందా ఆ మంట ఎట్లా ఉంటుందో!” అంది ఒట్టీలియా. ఇద్దరూ పగలబడి నవ్వారు.

పంతులు పోయాడు. కొన్నాళ్ళకు ఒట్టీలియా పోయింది. బజారులో ఆ చెక్కపలక పుచ్చిపోయింది. మళ్ళీ ఎవరూ పెట్టలేదు. ఇప్పటికీ ఆ ఊళ్ళో మొదటి వానకోవెలను చూసినవాళ్ళు చేసే పని వదిలేసి మూడిళ్ళ తలుపు తట్టాలి. “వచ్చింది. నేను చూశాను” అనాలి. ఆ ఇంటివాళ్ళు ఊరికే నమ్మరు. బయటికొచ్చి, తలెత్తి, తమ కళ్ళతో చూసి, అప్పుడు కిటికీ తెరుస్తారు.

ఎవరైనా ఒకరి మంచి చూసి ఓర్వలేక మూతి తిప్పుకుంటే, ఆ ఊరి ముసలివాళ్ళు కోప్పడరు. “పోయి కిటికీ తెరవమ్మా, బయట పిట్టకు చలిగా ఉంది” అంటారు.