కాలువ గట్టు మీది తీగ

ఎవరు ఏ ప్రశ్న అడిగినా పేర్రాజు గారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాళ్ళ మొహం వంక కాసేపు చూసి, ఏదో పాత సంగతి ఎత్తుకునేవారు. ఆయన దగ్గర కిడ్నీ వైద్యం చదువుకుంటున్న డాక్టర్ మృదులకు అది అలవాటే గానీ, ఆ రోజు ఓపిక పట్టలేకపోయింది.

ఐసీయూలో ఒక బాలింత ఉంది. కాన్పు తర్వాత సోకిన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి సెప్సిస్ అయింది. గుండె కొట్టుకుంటోంది, పిలిస్తే పలుకుతోంది, మూత్రం మాత్రం ఆగిపోయింది. డయాలసిస్ పెట్టారు. బయట పసిబిడ్డను అమ్మమ్మ ఊరుకోబెడుతోంది. ఇలాంటి ఆపదలో గుండెకూ మెదడుకూ రక్తం మిగిల్చడానికి కిడ్నీ నరాలు రెచ్చిపోయి అక్కడి రక్తనాళాలను బిగించేస్తాయనీ, జంతువుల్లో ఆ నరాలను ముందే తెంచి చూసిన ప్రయోగాలు కొన్నిటిలో కిడ్నీకి రక్తం మెరుగ్గా అందిందనీ మృదుల చదివింది.

“ఆ నరాలే కిడ్నీ గొంతు నులుముతుంటే, వాటిని తెంపేస్తే పోదా సార్?” అంది.

పేర్రాజు గారు తమ ఊళ్ళో జరిగింది చెప్పారు. గోదావరి సన్నబడిన ఒక వేసవి. రెండో పంట దాళ్వా వరి పాలు పోసుకుంటోంది. పట్నంలో తాగడానికి నీళ్ళు లేవు, పిల్ల కాలువ మూసెయ్యమని గట్టు వెంట ఉన్న టెలిఫోను తీగ మీద కబురొచ్చింది. కాలువ కాపలా చూసే లస్కరు భీమన్న తూము తలుపు దించేశాడు. ఆ కాలువ కింద అతని చేనూ ఉంది. ఊరంతా వచ్చి నానా మాటలూ అన్నా, పైనుంచి చెప్పేదాకా ఎత్తనన్నాడు. పట్నం గొంతు తడిసింది. ఇక్కడ చేలు నెర్రెలిచ్చాయి.

సత్యానందం అనే కౌలురైతు అది చూడలేక, కత్తి పట్టుకెళ్ళి తీగ తెగ్గొట్టాడు. చెప్పేవాళ్ళే లేకపోతే భీమన్న మెత్తబడతాడనుకున్నాడు. భీమన్న మెత్తబడలేదు. తను విన్న ఆఖరి మాట మూసెయ్యమనే కదా అని గట్టు మీదే కూర్చున్నాడు. ఈలోగా ఎగువన నీళ్ళు వదిలారు. తలుపు ఎత్తమని ఆఫీసు నుంచి పిలుస్తూనే ఉన్నారు, ఇవతల గంట మోగలేదు. చివరికి సైకిలు మీద మనిషి వచ్చేసరికి కంకులు తాలు పోయాయి. భీమన్న తలుపు ఎత్తి, పారుతున్న నీళ్ళు చూసి ఏడ్చాడట. పక్కనే సత్యానందం తలొంచుకుని నిలబడ్డాడట.

అయితే ఆ నరాలు ఉండాలో తెంపాలో చెప్పమని మృదుల మెల్లగా అడిగింది. అది ఇంకా ఎవరికీ సరిగా తెలియదన్నారాయన. ఆ బాలింత తర్వాత కోలుకుంది గానీ, ఆ పూట ఆ సంగతీ ఎవరికీ తెలియదు.

పేర్రాజు గారు లేచి ఐసీయూ వైపు నడుస్తూ, శిష్యురాలి కోసం ఒక్క క్షణం ఆగారు.

“తీగ తెంపినవాడు చెడ్డవాడు కాదమ్మా. ఎండుతున్న చేను చూస్తూ ఊరుకోలేకపోయాడు.”