తంగేడు చాటున కౌజుపిట్ట

అనగా అనగా, నీళ్లు తక్కువ, రాళ్లు ఎక్కువ అయిన ఒక ఎర్రగుట్ట. ఆ గుట్ట మీద ఒక కౌజుపిట్ట ఉండేది. చెట్టెక్కి గూడు కట్టడం కౌజుల వంశంలోనే లేదు. ఏ పొద కిందో నేల గీరి, అక్కడే గుడ్లు పెట్టి పొదగాలి. పొద మంచిదైతేనే పిల్లలు దక్కుతాయి.

ఎండాకాలంలో రేగుపొద పిలిచింది. "నా దగ్గరికి రావమ్మా! నా ఆకు తియ్యన. నన్ను ఇష్టపడనివాళ్లు ఈ గుట్ట మీదే లేరు."

మన కౌజుకు గొప్పలంటే చెవి కోసుకునేంత మోజు. మురిసిపోయి అక్కడే గుడ్లు పెట్టింది. మర్నాడే మేకలమంద వచ్చింది. నిజమే, రేగాకు అంటే వాటికి ఎంత ఇష్టమో! సాయంత్రానికి ముళ్లకొమ్మలే మిగిలాయి. బయటపడ్డ గుడ్లను కాకులు ఎత్తుకుపోయాయి. కౌజు గుండె పగిలేలా ఏడ్చింది.

ఒకసారి దెబ్బ తింటే బుద్ధి రావాలి. రాలేదు.

వానలు పడగానే వాగు ఒడ్డున గడ్డి పిలిచింది. "నా అంత పచ్చగా, మెత్తగా ఎవరున్నారు?" కౌజు వెళ్లింది. వాగు పొంగింది. గుడ్లు కొట్టుకుపోయాయి.

వానలు తగ్గుముఖం పట్టాయి. గుట్ట మీద తంగేడు పూసింది. చింతాకులా ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు, కొమ్మల కొసన పసుపుపచ్చని పూలగుత్తులు. కౌజు దాని ముందు నిలబడింది.

"అక్కా, నువ్వేమిస్తావు?"

"నాకు గొప్పలు రావు చెల్లీ. నా ఆకు చేదు, బెరడు వగరు. కింద గరుకు రాళ్లు. ఇష్టమైతే ఉండు."

కౌజుకు ఏమాత్రం నచ్చలేదు. కానీ గుడ్లు ఆగవు కదా! అక్కడే పెట్టింది.

మర్నాడు జోరువాన కురిసింది. నీరంతా రాళ్ల సందుల్లోంచి జారిపోయింది. గుడ్ల కింద చుక్క నిలవలేదు.

తరువాత మేకలు వచ్చాయి. కౌజు రెక్కలు పరిచి, ఊపిరి బిగబట్టింది. ఒక మేకపోతు తంగేడాకు కొరికి, తల విదిలించి, ఉమ్మేసింది. వెనకాలే వస్తున్న కాపరి ఐలయ్య నవ్వాడు.

"ఓరి పిచ్చోడా! తంగేడు ఎట్ల తింటవురా? నోరంత చేదైతది. పా, పా!"

మంద కదిలిపోయింది.

కొన్నాళ్లకు పెంకులు పగిలాయి. తల్లి వెంట పిల్లలు రాళ్ల మీద గునగునా పరుగెత్తాయి. కౌజు కళ్లు చెమర్చాయి. "అక్కా, నీ ఆకు చేదు కాబట్టే నా పిల్లలు బతికాయి" అంది.

తన లోటు తానే ముందు చెప్పుకునేవారి పంచన ధైర్యంగా తల దాచుకోవచ్చు.