దారం వంకర అన్న ఊరు

కొండలు ఇప్పటికన్నా పొడుగ్గా, దారులు ఇప్పటికన్నా పొట్టిగా ఉన్న కాలంలో తంగెడుమిట్ట అనే ఊరికి ఒక పంతులమ్మ వచ్చింది. పేరు సుంకులమ్మ. వచ్చిన నాడు ఆమె కొంగున మూడు అణాలున్నాయి. అంతే.

ఒక అణాకు బలపాలు కొంది. ఒక అణాకు బెల్లం కొని పిల్లలకు పంచింది. మూడో అణా పట్టుకుని నేతగాడి ఇంటికి పోయింది.

"నూలు దారం ఇవ్వు నాయనా, గట్టిది."

"ఏం కుడతావు పంతులమ్మా?"

"ఏమీ కుట్టను. పాఠం చెప్తాను."

మగ్గం దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి. ఈ కథలో చాలాసార్లు నవ్వుతారు.

ఊళ్ళో బడి లేదు. పొద్దున్నే మేకలు మేతకు పోతే, ఆ కొట్టంలోకి పిల్లలు వచ్చేవాళ్ళు. పంతులమ్మ పాఠం ఎప్పుడూ ఒకటే తీరు.

"చూడండి. పట్టుకోండి. ఆ తర్వాతే చెప్పండి."

తొట్టి నీళ్ళలో గుమ్మడికాయ వేయించింది, తేలింది. గులకరాయి వేయించింది, మునిగింది. "ఇంత పెద్దది తేలి అంత చిన్నది మునగడమేంది పంతులమ్మా?" అని పిల్లలు మీద పడ్డారు. ఆమె చెప్పలేదు. "ఇంకోటి వేసి చూడండి" అంది. ఆ రోజు ఊళ్ళో వంకాయ, చెప్పు, చెంబు, ఏదీ పొడిగా మిగల్లేదు.

ఒకనాడు దారానికి రాయి కట్టింది. పిల్లల చేతికిచ్చింది. రాయి అటు ఊగింది, ఇటు ఊగింది, ఆగింది. దారం నిలువుగా నిలబడింది.

"ఎక్కడ పట్టుకున్నా ఇంతేనా?"

"ఎక్కడ పట్టుకున్నా ఇంతే!"

"ఎవరు పట్టుకున్నా ఇంతేనా?"

"ఎవరు పట్టుకున్నా ఇంతే!"

"ఎవరి గోడ దగ్గర పట్టుకున్నా ఇంతేనా?"

పిల్లలు నోరు తెరిచారు. "ఊహూఁ," అంది పంతులమ్మ. "పోయి పట్టుకుని రండి."

పోయారు. ఊరంతా తిరిగారు. అందరికన్నా ఆఖరున ఓబులి వచ్చింది. రాళ్ళు కొట్టే ఈరన్న కూతురు ఓబులి.

"దారం ఎక్కడైనా ఇంతే పంతులమ్మా. మా ఇంటి గోడే నిలువు లేదు."

ఈరన్నకు సిగ్గేసింది. కూతుర్ని తిట్టలేదు. మర్నాడే ఆ గోడ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. రాళ్ళు కొట్టేవాడు చేసిన ఆ పని ఊరి పెద్ద చేసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఊరి పెద్ద పేరు బసప్ప. "నా పేరు మీద బడి కట్టిస్తా" అన్నాడు. ఇంటికొక బస్తా సున్నం అడిగాడు. ఊరు ఇచ్చింది. ఇంటికొక బండెడు రాళ్ళు అడిగాడు. ఊరు ఇచ్చింది. ఇంటికొక మనిషిని పనికి పంపమన్నాడు. ఊరు పంపింది. రాళ్ళు బడికి వచ్చాయి. మనుషులు బడికి వచ్చారు. సున్నం మాత్రం బసప్ప కొత్త గాదెకు పోయింది. బడి గోడ రాళ్ళ మధ్య పెట్టడానికి ఎర్రమట్టే మిగిలింది. ఆ గోడల మీద దూలాలు, దూలాల మీద బండలు, బండల మీద వాన దిగకుండా మూరెడు మందాన చౌడు మట్టి. అలా లేచింది మిద్దె. వాకిలి మీద బసప్ప పేరు చెక్కారు. ఆ పేరుకు మాత్రం సున్నం పూశారు.

పిల్లలు కొత్త బడికి పరుగెత్తారు. అలవాటు ప్రకారం ఓబులి నిచ్చెనెక్కి గోడ నెత్తిన దారం పట్టుకుంది. కింద రాయి గోడకు తగలలేదు. నాలుగు వేళ్ళ దూరంలో, గాలిలో ఆగింది.

"పంతులమ్మా, గోడ బయటికి వాలింది!"

పంతులమ్మ చూసింది, పట్టుకుంది, ఆ తర్వాతే చెప్పింది. "మనం లోపలికి పోవడం లేదు."

బసప్ప దగ్గరికి పోయింది. "అయ్యా, గోడ వాలింది. పిల్లల్ని అందులో కూర్చోబెట్టలేను."

బసప్ప నవ్వాడు. "గోడ బాగానే ఉందమ్మా. నీ దారం వంకర."

పంతులమ్మ రచ్చకట్ట దగ్గర పదిమందిని పిలిచింది. ఊరివాళ్ళే దారం తెచ్చారు, వాళ్ళే రాయి కట్టారు, వాళ్ళే బడి గోడకు పట్టుకున్నారు. నాలుగు వేళ్ళు. పెద్దమనుషులు తలలు గోక్కుని అన్నారు: "ఈ దారమూ వంకరే."

మూడోసారి ఆమె ఆ దారాన్నే బసప్ప ఇంటి గోడకు పట్టించింది. గోరంత సందు లేదు. అది సున్నపు గోడ మరి.

"ఇప్పుడేమంటారు? ఇక్కడ నిలువున్న దారం అక్కడ వంకరవుతుందా?"

అప్పుడు బసప్ప బావమరిది గొంతు సవరించుకున్నాడు. బడి పని దగ్గరుండి చేయించినవాడు అతనే. "దారానికి పెద్దలంటే భక్తి ఉంది. మా బావ ఇంటి ముందు బుద్ధిగా నిలబడింది. పంతులమ్మ దగ్గరైతే ఆమె చెప్పినట్టు వంగింది."

నవ్వారు. అందరూ నవ్వారు. తీర్పు కూడా చెప్పారు. దారం తప్పు చేసింది. దాన్ని రచ్చకట్ట స్తంభానికి మూడు రోజులు కట్టేయాలి. పిల్లల చేతిలో ఇక దారం కనబడకూడదు.

వాళ్ళకు కళ్ళు లేవా? ఉన్నాయి. తెలివి లేదా? ఉంది. అక్కడున్న ప్రతివాడికీ గోడ వాలిందని తెలుసు. ఒకడు బసప్ప పొలం కౌలుకు చేస్తున్నాడు. ఒకడు బసప్ప బావి నీళ్ళు తాగుతున్నాడు. మూడోవాడికి బసప్పతో ఏ పనీ లేదు, అందరూ నవ్వుతున్నారని నవ్వాడు. నాకు ఆ మూడోవాడి మీదే ఎక్కువ కోపం.

పంతులమ్మ పిల్లల్ని బడికి ఎదురుగా ఉన్న బండరాతి మీద కూర్చోబెట్టి పాఠం చెప్పింది. మిగిలిన దారాన్ని ఓబులి జడలో పెట్టి అల్లుకుంది. అప్పుడప్పుడు జడ విప్పి కొలిచేది. తొలకరి ముందు నాలుగు వేళ్ళు. తొలకరి తర్వాత ఐదు. ముసురు పట్టాక జానెడు.

ముసురు మూడో రోజున బసప్ప ఊరి కావలి తలారిని పంపాడు. "బడి కట్టించి ఇన్నాళ్ళయినా పిల్లలు వానలో తడుస్తున్నారంటే నా పరువేం కావాలి? తోలు లోపలికి!" తలారి మేకల్ని తోలినట్టు తోలాడు. తల్లిదండ్రులు గడపల్లో నిలబడి చూశారు. ఒక్క ఈరన్న ఎదురొచ్చాడు. అతన్ని పక్కకు నెట్టేశారు.

"నీకు భయమైతే నువ్వు బయటే ఉండు పంతులమ్మా" అన్నాడు తలారి.

పంతులమ్మ బయట ఉండలేదు. పిల్లల వెంటే లోపలికి పోయింది. పైన చౌడు నీళ్ళు తాగి బరువెక్కింది. దూలం కిర్రుమంది. ఆమె గొంతు పెంచలేదు.

"ఈ రోజు కొలత పాఠం. ఓబులీ, దారం తీయి. ఎదురుగా ఆ బండ మీద నిలబడి గోడ వైపు పట్టుకో. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే పోయి, చూసి, అక్కడే నిలబడండి. అందరూ చూశాకే జవాబు."

వాకిట్లో తలారి నవ్వాడు. "ఇంకా ఆ దారమేనా!" ఆపలేదు. వానలో దారం పట్టుకుంటే ఎవరికేం నష్టం అనుకున్నాడు.

ఒకరు పోయారు. ఇంకొకరు పోయారు. ఒక్కొక్కరే అందరూ పోయారు. ఒక్కడు మిగిలాడు. బసప్ప మనవడు. స్తంభాన్ని వాటేసుకుని కూర్చున్నాడు.

"లేయ్ నాయనా, నీ వంతు."

"నేను రాను. దారం వంకరని తాత చెప్పాడు."

పెద్దవాళ్ళు అబద్ధమని తెలిసే చెప్పారు. పిల్లవాడు నిజమని నమ్మాడు.

పంతులమ్మ వాణ్ణి ఎత్తుకుంది. వాడు గిలగిల కొట్టుకున్నాడు, ఆమె భుజం కొరికాడు. వాకిలి దాకా వచ్చేసరికి రాయి మీద రాయి జారిన చప్పుడైంది. వాణ్ణి బయటికి విసిరేసింది. వాడు బురదలో పడ్డాడు. ఆమె మీద బసప్ప పేరున్న బండ పడింది.

వాన తప్పన్నారు. మట్టి తప్పన్నారు. దేవుడి తప్పన్నారు. పెద్దమనుషులు తువ్వాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు కూడా.

అప్పుడు ఓబులి వచ్చింది. తడిసిన జుట్టు విరబోసుకుని, చేతిలో దారంతో వచ్చింది. ఏడవలేదు. బసప్ప ముఖం ముందు దారం పట్టుకుని నిలబడింది. రాయి ఊగింది, ఆగింది.

"చూడు తాతా. వంకరేనా?"

బసప్ప తల తిప్పుకున్నాడు.

ఓబులి పక్కవాడి ముందుకు పోయింది. "చూడు మామా. వంకరేనా?" ఒక్కర్నీ వదల్లేదు. నవ్విన ప్రతి మనిషినీ అడిగింది. చివరికి బసప్ప మనవడు బురదతోనే వచ్చి దారం పక్కన నిలబడి అన్నాడు: "నిలువు."

మర్నాడు ఈరన్న గడ్డపార పట్టుకుని బసప్ప గాదె తలుపు పగలగొట్టాడు. వాడగా మిగిలిన సున్నం బయటికి తెచ్చాడు. ఈసారి ఊరు అతని వెనక నడిచింది. ముందురోజు నడవాల్సింది. మళ్ళీ బడి కట్టారు. వరస వరసకూ పిల్లలు దారం పట్టారు. వాకిలి మీద ఎవరి పేరూ చెక్కలేదు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల కొత్త ఇల్లు కట్టినా, కొత్త బడి కట్టినా, పాలు పొంగించే ముందు పిల్లలు వస్తారు. వాళ్ళ చేతిలో అణా దారం ఉంటుంది. దారం ధర ఎంత పెరిగినా దాని పేరు అణా దారమే. పెద్దలు తలపాగాలు తీసి దూరంగా నిలబడతారు. అందరికన్నా చిన్న పిల్ల "నిలువు" అంటే పాలు పొంగుతాయి. "కాదు" అంటే, ఆ ఇల్లు ఎంత గొప్పవాడిదైనా, ఆ వరస దాకా విప్పాల్సిందే.

ఆ దారాన్ని పెద్దవాళ్ళ చేతికి ఇవ్వరు. ఎందుకో మీకు తెలుసు.

అదుగో, మన ఊరి కొత్త బడి గోడ లేచింది. పెద్దమనుషులు అప్పుడే దండలు తెచ్చి నవ్వుతూ నిలబడ్డారు. ఇదిగో దారం, ఇదిగో రాయి. మీలో అందరికన్నా చిన్నది ఎవరు? రా తల్లీ, గట్టిగా పట్టుకో. నిచ్చెన నేను పట్టుకుంటాను. ఎక్కు.